కారు బానెట్ మీద రాళ్లు తగిలి పెయింట్ పెచ్చులు లేచాయి, ఇంట్లోనే టచప్ చేసుకోవచ్చా?

బెజవాడ_సిల్వర్

అందరికీ నమస్తే అండి. నాది 2020 స్విఫ్ట్, సిల్కీ సిల్వర్ కలర్. పని మీద హైదరాబాద్ విజయవాడ హైవే మీద తెగ తిరుగుతుంటాను. కోదాడ, జగ్గయ్యపేట మధ్యలో సిమెంట్ లారీలు, కంకర టిప్పర్లు ఎలా పోతుంటాయో ఆ రోడ్డు ఎక్కినవాళ్లకి తెలుసు, చాలావాటికి పైన పట్టా కూడా ఉండదు, టైర్ల సందుల్లో ఇరుక్కున్న రాళ్లు ఎగిరొచ్చి టప్పుమని తగుల్తాయి. ఇప్పుడు బానెట్ ముందు అంచు పొడుగునా ఆవగింజంతవి కొన్ని, బియ్యపు గింజంతవి కొన్ని పెచ్చులు లేచిపోయి ఉన్నాయి. చాలావాటిల్లో లోపల బూడిద రంగు కనపడుతుంది, రెండు మూడిట్లో రేకు తళతళా మెరుస్తుంది, కుడి వైపు ఫెండర్ మీద చక్రం పైన ఒక చోట మాత్రం గోధుమ రంగు తిరిగింది, అది తుప్పేనా?

మా ఊళ్లో ఒక డెంటింగ్ పెయింటింగ్ షెడ్డులో చూపిస్తే బానెట్ మొత్తం రుద్దేసి కొత్త పెయింట్ కొట్టాలి అన్నారు, వేరే దారి లేదన్నారు. షోరూంలో అడిగితే ఇన్సూరెన్స్ క్లెయిమ్ పెట్టుకోండి అంటున్నారు. ఇంత చిన్న చుక్కల కోసం కంపెనీ పెయింట్ మొత్తం గీకేయడానికి నాకు మనసు ఒప్పట్లేదు. మా బావమరిది టూత్ పేస్ట్ పెట్టి రుద్దమంటాడు. టచప్ పెన్ను కొని నేనే వేసుకోవచ్చా? వేస్తే నిలబడుద్దా? సిల్వర్ కి మచ్చలు మచ్చలుగా కనపడుద్ది అని ఎక్కడో చదివాను. పద్ధతి తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి, టైం పట్టినా పర్లేదు ఓపిగ్గా చేస్కుంటాను.

ఆటోనగర్_పెయింట్

మొత్తం బానెట్ కొట్టించొద్దండి. నేను ఈ పనిలోనే ఉన్నాను, బానెట్ కొడితే నాలాంటోళ్లకే డబ్బులొస్తాయి, అయినా చెప్తున్నా వద్దు. కంపెనీలో బాడీకి వేసే పెయింట్ ఓవెన్ లో దాదాపు 140 డిగ్రీల దగ్గర కాలుద్ది. బయట మా పెయింట్ బూత్ (పెయింట్ కొట్టి ఆరబెట్టే మూసిన గది) లో 60 డిగ్రీలకి మించి పెట్టలేం, వైరింగు, ప్లాస్టిక్కు, రబ్బర్లు అన్నీ బండికే ఉంటాయి కదా. చాలా షెడ్లలో ఆ బూత్ కూడా ఉండదు, ఎండలో ఆరబెట్టడమే. కాబట్టి కంపెనీ పెయింట్ ఎంత ఉంటే అంత కాపాడుకోవాలి. రేపు అమ్మేటప్పుడు కూడా కొనేవాళ్లు పెయింట్ మందం కొలిచే మీటర్ పెట్టి చూస్తున్నారు, బానెట్ కి రీపెయింట్ అని తెలిస్తే యాక్సిడెంట్ బండేమో అని బేరం తగ్గిస్తారు.

ముందు ఒక్కో చుక్కని మొబైల్ టార్చ్ పెట్టి దగ్గరగా చూడండి. రేకు మీద ముందు ఈడీ కోటు (తుప్పు పట్టకుండా కంపెనీలో వేసే మొదటి పొర), దాని మీద ప్రైమర్, ఆ పైన కలర్, అన్నిటికన్నా పైన క్లియర్ అనే రంగులేని మెరుపు పొర, ఇవన్నీ కలిపి 100 నుంచి 130 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్ లో వెయ్యో వంతు) ఉంటాయి అంతే. బూడిద రంగు కనపడుతుందంటే ప్రైమరో ఈడీ కోటో ఇంకా ఉన్నట్టు, దానికి తొందర లేదు, కలర్ పెడితే చాలు. రేకు మెరుస్తుందంటే మాత్రం ఆలస్యం చెయ్యకూడదు, ఒక్క వాన పడితే చాలు పని మొదలవుద్ది. గోధుమ రంగు తిరిగింది అంటున్నారు చూడండి, అది తుప్పే, అది ముందు చూడాలి.

ఇంకో మాట ముందే చెప్పేస్తా. టచప్ అంటే అక్కడ దెబ్బ తగిలిందని తెలియకుండా మాయం చెయ్యడం కాదండి. రేకుకి గాలి నీళ్లు తగలకుండా మూసెయ్యడం. మూడడుగుల దూరంలో నిలబడితే కనపడకపోతే పని బాగా అయినట్టే. చాలామంది అద్దంలా రావాలి అని చుట్టూ పూసి, రుద్ది, బాగున్న క్లియర్ ని కూడా పాడు చేసుకుంటారు. గుంటలో మాత్రమే పెయింట్ పడాలి, గుంట బయట పడకూడదు. మొత్తం విద్య ఇంతే.

ఇక చేసే పద్ధతి. బండి షాంపూతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. వ్యాక్స్, పాలిష్ ఏమన్నా ఉంటే పోవాలి, దానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడండి, మొబైల్ రిపేర్ షాపులోళ్లు బోర్డులు కడగడానికి వాడతారు, వాళ్లని అడిగితే ఎక్కడ దొరుకుద్దో చెప్తారు. మెత్తటి గుడ్డకి కొంచెం తడి చేసి తుడవడమే. ఒకటి గుర్తుపెట్టుకోండి, ఆ చుట్టుపక్కల టైర్ పాలిష్, డాష్‌బోర్డ్ పాలిష్ లాంటివి ఆ రోజు ముట్టుకోవద్దు, వాటిల్లో సిలికాన్ ఉంటది, అది అంటుకున్న చోట పెయింట్ నిలవకుండా గుండ్రంగా తేలిపోయి కన్నాలు పడుద్ది.

తర్వాత టూత్ పిక్ తోనో సూది మొనతోనో గుంట అంచులు కదిపి చూడండి. ఊడిపోయేది ఏదైనా ఉంటే ఇప్పుడే ఊడిపోవాలి, ఊడబోయే పెచ్చు మీద పెయింట్ వేస్తే రెండూ కలిసి లేస్తాయి. పాత పెన్సిల్ వెనక రబ్బరుకి చిన్న వాటర్ పేపర్ (తడిపి రుద్దే సన్న గరుకు కాగితం) ముక్క అంటించి గుంటలో మాత్రం మెల్లిగా తిప్పితే కొత్త పెయింట్ పట్టుకోడానికి గరుకు వస్తది. రేకు కనపడే వాటికి ముందు ప్రైమర్ చుక్క పెట్టాలి, పల్చగా, గుంట అడుగు కప్పితే చాలు. అది గంటసేపు ఆరాక కలర్.

కలర్ సీసాని రెండు మూడు నిమిషాలు గట్టిగా ఊపండి, సిల్వర్ లో అల్యూమినియం పొడి అడుక్కి దిగిపోయి ఉంటది. సీసాతో వచ్చే బ్రష్ పక్కన పెట్టేయండి, అది మరీ లావు. టూత్ పిక్ మొనకి కొంచెం తీసుకుని గుంట మధ్యలో తాకించండి, పూయొద్దు, తాకించండి. పెయింట్ దానంతట అదే పాకి అంచుల దాకా పోయి ఆగుద్ది. మొదటిసారి చూసినప్పుడు నిండింది అనిపిస్తది, అరగంట తర్వాత చూస్తే మళ్లీ గుంట కనపడుద్ది, కంగారు పడొద్దు, అందులో థిన్నర్ ఎగిరిపోయి పెయింట్ కుంచించుకుపోతుంది. అలా ఆరనిచ్చి ఆరనిచ్చి మూడు నాలుగు సార్లు పెట్టాలి. ఒకేసారి లావుగా పెడితే పైన చర్మం కట్టి లోపల పచ్చిగా ఉండిపోద్ది. కలర్ పూర్తిగా నిండకముందే ఆపేసి మిగతాది క్లియర్ తో నింపండి, క్లియర్ చుట్టూ ఉన్న పెయింట్ కంటే వెంట్రుకవాసి ఎత్తుగా ఉంటే మంచిది.

పొద్దున్నే నీడలో చేస్కోండి. మన ఎండలకి పదిన్నర దాటితే బానెట్ మీద చెయ్యి పెట్టలేం, ఆ వేడికి పెయింట్ టూత్ పిక్ మీదే తీగ సాగుద్ది. వానాకాలంలో కూడా వద్దు, గాలిలో తేమ ఎక్కువుంటే ఆరేటప్పుడు పైన తెల్లటి మసక వస్తది.

టూత్ పేస్ట్ అంటే మెత్తటి రాపిడి పొడి. క్లియర్ పైపైన గీతలుంటే కొంచెం తగ్గినట్టు కనపడుద్ది. పెయింట్ ఊడిపోయిన చోట ఎంత రుద్దినా కొత్త పెయింట్ ఎక్కడినుంచి వస్తదండి, గుంటలోకి తెల్లగా ఎక్కి అది తియ్యడం ఇంకో పని.

వీకెండ్_డ్రైవ్

ఇంత దేనికి బ్రో, సిల్వర్ కలర్ నెయిల్ పాలిష్ కొట్టేయ్. మా ఫ్రెండ్ బండికి వేశాం, దూరంనుంచి సేమ్ కలరే. ముప్పై రూపాయల్లో పని అయిపోద్ది.

ఆటోనగర్_పెయింట్

రంగుది వద్దు తమ్ముడూ. నెయిల్ పాలిష్ గోటి మీద వారం పది రోజులు ఉండడానికి చేసింది, ఎండకి రంగు మారుద్ది, బీటలు ఇస్తది, ఆ బీటల్లోంచి నీళ్లు లోపలికి దిగితే పైకి ఏం కనపడదు, అడుగున తుప్పు పాకుతుంటది. తర్వాత సరైన పెయింట్ వెయ్యాలన్నా ముందు దాన్ని గీకి తియ్యాలి. ఒక్క సందర్భంలో ఒప్పుకుంటాను, ఊరి మీద ఉండి రేకు తేలింది, పెయింట్ దొరకడానికి నాలుగు రోజులు పడుద్ది అంటే రంగులేనిది ఒక చుక్క పెట్టి మూసెయ్యొచ్చు, ఇంటికెళ్లాక అసిటోన్ తో జాగ్రత్తగా గుంటలోదే తీసేసి పద్ధతిగా చేస్కోవాలి.

గాజువాక_ఉప్పుగాలి

తుప్పు గురించి నేను చెప్తానండి, మాకు వైజాగ్ లో అదే పెద్ద బాధ. బీచ్ రోడ్డు వైపు, పోర్టు వైపు ఉండేవాళ్ల బండ్లు చూడండి, మీ దగ్గర ఆరునెల్లకి వచ్చే తుప్పు మాకు ఆరు వారాల్లో వచ్చేస్తది. ఉప్పు గాలిలో తేమని లాక్కుంటుంది, ఆ తడి ఆరదు, రేకు మీద చిన్న చుక్క తేలితే చాలు. అందుకని మా ఇంట్లో నెలకోసారి బండి కడిగినప్పుడల్లా బానెట్ అంచు, డోర్ల అంచులు, చక్రాల పైన ఉండే వంపులు వేలు పెట్టి తడిమి చూడటం అలవాటు.

మీ ఫెండర్ మీద గోధుమ రంగుకి డైరెక్ట్ గా కలర్ పెట్టకండి. తుప్పుని పెయింట్ కింద పాతిపెట్టినట్టు అవుద్ది, నాలుగు నెల్లకి అక్కడే పొక్కు లేస్తది. ముందు సూది మొనతో గీకండి. పైపైన పట్టిన రంగు అయితే తొందరగానే పోయి రేకు తెల్లగా వచ్చేస్తది. గుంట అడుగున నల్లటి చుక్కలు మొండిగా ఉండిపోతే రస్ట్ కన్వర్టర్ అని దొరుకుద్ది, ఫాస్ఫారిక్ యాసిడ్ ఉంటది అందులో, తుప్పుతో కలిసి దాన్ని గట్టి ఫాస్ఫేట్ పొరగా మారుస్తుంది. టూత్ పిక్ తో ఒక బొట్టు, డబ్బా మీద ఎంతసేపు రాశాడో అంతసేపు ఉంచి, తడిగుడ్డతో తుడిచి, బాగా ఆరాక ప్రైమర్. చేతికి గ్లౌజు వేసుకోండి, బాగున్న పెయింట్ మీద అది కారిపోకుండా చుట్టూ మాస్కింగ్ టేప్ పెట్టుకోండి.

గీకేటప్పుడు భయపడి ఆపేయొద్దు. చాలామంది గుంట పెద్దదవుతుందని సగం తుప్పు లోపలే వదిలేస్తారు. గుంట పెద్దదైతే ఇంకో రెండు చుక్కల పెయింట్ పడుద్ది అంతే కదా. లోపల మిగిలిన తుప్పు మాత్రం పెయింట్ అడుగున పక్కలకి పాకుతూనే ఉంటది. డబ్ల్యూడీ 40 కొట్టేసి వదిలేసేవాళ్లు కూడా ఉన్నారు, అది నూనె, దాని మీద పెయింట్ అసలు పట్టదు, కొట్టి ఉంటే ఆల్కహాల్ తో శుభ్రంగా తుడవాల్సిందే.

బెజవాడ_సిల్వర్

చాలా థ్యాంక్స్ అండి, ఇంత ఓపిగ్గా చెప్పినందుకు. మా బండి రంగుకి కంపెనీ ఇచ్చిన కలర్ కోడ్ చూశాను, జెడ్ 2 ఎస్ అని ఉంది. ఆన్‌లైన్ లో అదే కోడ్ తో టచప్ సీసా ఉంది, ఆటోనగర్ లో పెయింట్ మిక్సింగ్ షాపులో అడిగితే కనీసం 100 ఎంఎల్ తీసుకోవాలి అంటున్నారు. ఏది తీసుకోవాలి? ఇంకో డౌటు, సిల్వర్ చుక్క పెడితే నల్లగా కనపడుద్ది అంటున్నారు, ఎందుకలా?

ఆటోనగర్_పెయింట్

జెడ్ 2 ఎస్ అంటే సిల్కీ సిల్వరే, కరెక్ట్. మీవి చిన్న చుక్కలే కాబట్టి సీసా చాలు, కలరూ క్లియరూ రెండూ ఉన్న సెట్ చూసి తీసుకోండి. పాత స్టాకు వద్దు, సీసా ఊపితే లోపల గోళీ కదిలిన సౌండ్ రావాలి. మిక్సింగ్ షాపుకి వెళ్లేట్టయితే ఒక లాభం ఉంది. ఒకే కోడ్ కి కూడా ఫ్యాక్టరీ బ్యాచ్ ని బట్టి షేడ్ అటూ ఇటూ ఉంటది, పైగా మీ బండి ఎండకి కొంత మారి ఉంటది. షాపులో ఆ కోడ్ కే రెండు మూడు షేడ్ కార్డులు ఉంటాయి. పెట్రోల్ పోసే చోట బయట ఉండే బండి రంగు మూత బిగింపు తీసి చేత్తో పట్టుకెళ్లండి, మేం కూడా కలర్ కలిపించడానికి అదే తీసుకెళ్తాం, ఎండలోకి తీసుకొచ్చి కార్డు పక్కన పెట్టి చూడమనండి, ట్యూబ్ లైట్ కింద చూసి ఓకే అనొద్దు. అక్కడ కలిపే బేస్ కోట్ (కలర్ పొర) కి క్లియర్ వేరేగా కావాలి, అది మర్చిపోకండి.

ఇక నల్లగా ఎందుకు కనపడుద్ది అంటే, సిల్వర్ లో ఉండే అల్యూమినియం రేణువులు పలకల్లా ఉంటాయి. స్ప్రే గన్ తో కొట్టినప్పుడు సన్నటి తుంపరగా పడి, వెంటనే ఆరుతూ పలకలన్నీ బల్లపరుపుగా పడుకుంటాయి, వెలుతురు మొత్తం తిరిగి కంటికి వస్తది. చుక్కగా పెట్టినప్పుడు పెయింట్ లోతుగా ఉండి నెమ్మదిగా ఆరుద్ది, పలకలు ఎటు పడితే అటు నిలబడతాయి, వెలుతురు పక్కలకి పోద్ది, అందుకే కొంచెం ముదురుగా కనపడుద్ది. ఎంత మంచి పెయింటర్ చేసినా చుక్క పెట్టే పద్ధతిలో ఇది పూర్తిగా పోదు. ఎంత పల్చగా పెడితే అంత తగ్గుద్ది. తెల్ల బండ్లకి ఈ గొడవ లేదు, సుపీరియర్ వైట్ లాంటి మామూలు తెలుపైతే అసలు వెతుక్కోవాలి ఎక్కడ వేశామో. పెరల్ వైట్ మాత్రం వేరే సంగతి, చాలావాటికి కింద తెలుపు, పైన పెరల్ పొర, ఆ పైన క్లియర్ ఉంటాయి, దానికి ఒక్క సీసాతో కుదరదు.

బానెట్ మీద పెట్టే ముందు పాత రేకు డబ్బా మూత మీదో, విజిటింగ్ కార్డు మీదో చుక్కలు పెట్టి చెయ్యి అలవాటు చేస్కోండి. ఆరాక దాన్ని బానెట్ పక్కన పెట్టి పొద్దున వెలుతురులో ఒకసారి, సాయంత్రం ఒకసారి చూస్తే షేడ్ కూడా తెలిసిపోద్ది.

ఒహాయో_తెలుగు

ఇక్కడ అమెరికాలో మా స్టేట్ లో చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, దాంతో పాటు రాళ్లు కూడా తగుల్తాయి, కాబట్టి అక్టోబర్ లోపే ప్రతి చుక్క మూసెయ్యాలి అనేది ఇక్కడ మన తెలుగువాళ్ల గ్రూపుల్లో కూడా ఏటా ఒకరికొకరు గుర్తుచేసుకునే పని. పైన వైజాగ్ అన్న చెప్పింది అక్షరాలా నిజం, ఉప్పు ఎక్కడైనా ఉప్పే.

నేను రెండు విషయాలు కలుపుతాను. ఒకటి, చుక్కలు మరీ ఎక్కువుండి బానెట్ అంచంతా చిల్లులు చిల్లులుగా ఉంటే ఒక్కోదానికి టూత్ పిక్ పెట్టడం కష్టం. అలాంటివాటికి ఇక్కడ పూసి తుడిచే పద్ధతి కిట్లు దొరుకుతాయి. గ్లౌజు వేసుకున్న వేలితో పెయింట్ ని చుక్కల మీద పల్చగా పూసేస్తారు, కాసేపు ఆగి, వాళ్లిచ్చే ద్రావకాన్ని గుడ్డకి కొంచెం తడిచేసి, ఆ గుడ్డని మడత పడకుండా బిగుతుగా పట్టుకుని పైపైన తుడిస్తే గుంటల్లోది ఉండిపోయి బయటది పోతుంది. గట్టిగా నొక్కితే గుంటలోది కూడా లేచి వచ్చేస్తుంది, ఒక ఏటీఎం కార్డుకి గుడ్డ చుట్టి దాంతో తుడిస్తే గుంటలోకి దిగదు. మామూలు టచప్ పెయింట్ బయట కారినప్పుడు కూడా తడి మీదే ఇలా తీసెయ్యొచ్చు.

రెండోది చలి. పది డిగ్రీల కంటే తక్కువ ఉంటే పెయింట్ సరిగ్గా ఆరదు, పైన ఆరినట్టు ఉండి గోరు పెడితే గుంట పడుతుంది. గ్యారేజ్ లో హీటర్ పెట్టుకునేవాళ్లు ఉన్నారు కానీ థిన్నర్ ఆవిరి దగ్గర నిప్పు, హీటర్ రెండూ ప్రమాదం, తలుపు తెరిచి గాలి ఆడేలా చూసుకోవాలి. మీకు అక్కడ డిసెంబర్ జనవరి నెలలు బంగారం లాంటివి, ఎండ మెత్తగా ఉంటుంది, తేమ తక్కువ. ఈ పని అప్పుడు పెట్టుకోండి, రేకు తేలినవి మాత్రం ఇప్పుడే మూసెయ్యండి.

స్ప్రే డబ్బాల్లో రెండు భాగాలు కలిపే 2కే క్లియర్ అని దొరుకుతుంది, యూట్యూబ్ లో చూసి చాలామంది కొంటున్నారు. దాని హార్డెనర్ లో ఐసోసయనేట్లు ఉంటాయి, ఊపిరితిత్తులకి చాలా చెడ్డది, మామూలు గుడ్డ మాస్కు ఆపలేదు. ఇంట్లో పిల్లలున్నచోట దాని జోలికి వెళ్లొద్దండి. బ్రష్ తో పెట్టే మామూలు క్లియర్ చాలు.

ఓరుగల్లు_బండి

అన్నా, షోరూమోళ్లు ఇన్సూరెన్స్ క్లెయిమ్ పెట్టుకోమన్నరు అని రాసినవ్ గదా, ఆ పని అస్సలు చెయ్యకు. ఇప్పటిదాంక క్లెయిమ్ లేకుంటే నీకు నో క్లెయిమ్ బోనస్ అని ప్రీమియంల తగ్గింపు ఉంటది, మొదటి ఏడాదికి 20 శాతం, అట్ల పెరుగుకుంట ఐదేండ్లకు 50 శాతం దాంక పోతది. నీది 2020 బండి, ఒక్క క్లెయిమ్ కూడ లేకుంటే 50 కి వచ్చి ఉంటవ్. గీ చిన్న పెచ్చుల కోసం క్లెయిమ్ పెడితే వచ్చే రెన్యువల్ కు మొత్తం సున్నా అయితది, బోనస్ ప్రొటెక్షన్ యాడ్ ఆన్ తీసుకుంటే తప్ప. మళ్ల ఎట్లయినా క్లెయిమ్ కు మన జేబుల నుంచి వెయ్యి రూపాయలు కట్టాలె, 1500 సీసీ దాంక బండ్లకు అదే లెక్క. బోనస్ పెద్ద దెబ్బ తగిలిన రోజు కోసం దాచుకోవాలె.

నీ బంపర్ మీద కూడ చుక్కలు ఉండి ఉంటయ్, అడగలేదు గని చెప్త. బంపర్ ప్లాస్టిక్, దానికి తుప్పు పట్టది, కాబట్టి దాన్ని ఆఖరుకు పెట్టుకో. దాంట్ల ప్లాస్టిక్ తేలితే మామూలు ప్రైమర్ పట్టది, ప్లాస్టిక్ ప్రైమర్ అని వేరే ఉంటది, అది పెట్టినంకనే కలర్. ఇంకోటి, సిల్వర్ బండ్లకు కొత్తదిగ ఉన్నప్పుడు కూడ బంపర్ కు బానెట్ కు షేడ్ జరంత తేడా కనిపిస్తది, దాన్ని చూసి పరేషాన్ గాకు.

మళ్ల గిసొంటి దెబ్బలు తగలొద్దంటే సిరామిక్ కోటింగ్ చేయించుకో అని ఎవలన్నా చెప్తే నమ్మకు. సిరామిక్ ఒకటి రెండు మైక్రాన్ల పొర, మెరుపు ఉంటది, నీళ్లు జారిపోతయ్, కడుగుడు అల్కగ అయితది, రాయిని మాత్రం ఆపది. రాయిని ఆపేది పీపీఎఫ్ (పెయింట్ ప్రొటెక్షన్ ఫిలిం), అది 150 నుంచి 200 మైక్రాన్ల మందం ఉండే ఫిలిం, దెబ్బను అదే తీసుకుంటది. బండి మొత్తానికి వేస్తే మస్తు ఖర్చు, గని బానెట్ ముందల భాగానికి, బంపర్ కు ఏపిచ్చుకుంటే నీ అసొంటి హైవే తిరిగేటోళ్లకు పైసలకు తగ్గ పని చేస్తది. టచప్ అంతా అయి, పెయింట్ మంచిగ గట్టిపడ్డంకనే ఫిలిం ఏపిచ్చు, పచ్చి మీద ఏస్తే మళ్ల తీసేటప్పుడు చుక్కలు దాంతోనే ఊడొస్తయ్. నాలుగు చక్రాలకు మడ్ ఫ్లాప్స్ లేకుంటే అవి కూడ పెట్టిచ్చుకో, ఫెండర్ వెనక, డోర్ కింద తగిలే రాళ్లు మన చక్రాలు ఎగరేసేటియే.

బెజవాడ_సిల్వర్

బానెట్ వి అన్నీ పెట్టేశానండి, మీరందరూ చెప్పినట్టే, తొందరపడకుండా. చుక్కలు ఇప్పుడు కొంచెం ఎత్తుగా బొడిపెల్లాగా ఉన్నాయి, వేలు పెడితే తెలుస్తుంది, కానీ నిలబడి చూస్తే నిజంగానే కనపడట్లేదు. వాటర్ పేపర్ తో సాపు చెయ్యాలా వదిలెయ్యాలా? ఫెండర్ మీద తుప్పు మాత్రం గీకితే పక్కన పెయింట్ కూడా ఊడి వస్తుంది, మొదట కనపడిన దానికంటే రెండింతలు అయింది, లోపల ఇంకా గోధుమ రంగే ఉంది. ఆపేసి మిమ్మల్ని అడుగుతున్నా.

ఆటోనగర్_పెయింట్

బొడిపెల సంగతి ముందు. నా సలహా వదిలెయ్యమనే. మీ క్లియర్ కోటు 40 మైక్రాన్లు, మహా అయితే 50 ఉంటది, వాటర్ పేపర్ తో చెయ్యి అలవాటు లేనోళ్లు చుక్క కంటే చుట్టూ ఎక్కువ రుద్దేస్తారు, క్లియర్ తెగితే దాన్ని మళ్లీ ఇంట్లో వెయ్యలేరు, అప్పుడు నిజంగానే బానెట్ కొట్టించాల్సొస్తది. మరీ కంటికి తగుల్తుంది అనుకున్నవి ఒకటి రెండుంటే, పెట్టి కనీసం వారం దాటాక, 2000 నెంబర్ వాటర్ పేపర్ ని చిన్న గట్టి రబ్బరుకి చుట్టి, సబ్బు నీళ్లతో, బొడిపె తల మీద మాత్రం రెండు మూడు సార్లు అని ఆపి, తుడిచి చూడండి. బొడిపె తల మసకగా అయ్యి చుట్టూ మెరుపు అలాగే ఉంటే మీ చెయ్యి సరిగ్గా పోతుంది. చుట్టూ కూడా మసక తిరుగుతుందంటే అక్కడితో ఆపెయ్యండి. తర్వాత 3000, ఆపైన రబ్బింగ్ కాంపౌండ్ చేత్తోనే, మెషిన్ పెట్టొద్దు, ఆ వేడికి చుక్క మెత్తబడి లేచిపోద్ది. నెల రోజులు వ్యాక్స్ గానీ పాలిష్ గానీ పెట్టకండి, ప్రెషర్ వాటర్ గన్ ని బానెట్ కి దూరంగా పట్టుకోమని వాషింగ్ వాళ్లకి చెప్పండి.

ఫెండర్ విషయంలో ఆపి మంచి పని చేశారు. గీకే కొద్దీ పక్కకి ఊడొస్తుందంటే తుప్పు పెయింట్ అడుగున ఆల్రెడీ పాకింది. ఇప్పుడు ఒక పని చెయ్యండి, ఆ చుట్టూ బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి, రేకు గట్టిగా ఉందా, కరకరలాడుతూ మెత్తగా లోపలికి పోతుందా. తర్వాత స్టీరింగ్ కుడి వైపుకి పూర్తిగా తిప్పి, చక్రం లోపల నల్ల ప్లాస్టిక్ లైనర్ ఉంటది కదా, దాని క్లిప్పులు ఒకటి రెండు తీసి టార్చ్ తో వెనక చూడండి. అక్కడ మట్టి, ఆకులు ముద్ద కట్టి తడిగా ఉండిపోతాయి, చాలా బండ్లకి ఫెండర్ తుప్పు బయట రాయి వల్ల కాదు, లోపల ఆ తడి ముద్ద వల్లే వస్తది. మట్టంతా తీసి కడిగి ఆరబెట్టండి.

రేకు గట్టిగా ఉండి, లోపల వైపు శుభ్రంగా ఉంటే తుప్పు ఆగే దాకా గీకి, కన్వర్టర్, ప్రైమర్ పెట్టి మూసెయ్యండి, మచ్చ చిటికెన వేలి గోరంత కనపడినా పర్లేదు, అక్కడ అందం తర్వాత చూద్దాం. లోపల వైపు కూడా గోధుమ రంగు ఉంటే మాత్రం ఇంట్లో పని కాదు. అయినా భయపడొద్దు, ముందు ఫెండర్ బోల్టుల మీద ఉండేదే, వెల్డింగ్ కాదు, విప్పి బల్ల మీద పెట్టి రెండు వైపులా చెయ్యొచ్చు, మరీ పాడైతే కొత్తది వేసుకోవచ్చు. వెనక చక్రం పైన అయ్యుంటే కోసి వెల్డింగ్ చెయ్యాల్సొచ్చేది. షెడ్డుకి వెళ్తే ఫెండర్ ఒక్కటే చెయ్యమనండి, దాంతో పాటు బానెట్ కూడా కొట్టేస్తాం కలర్ మ్యాచ్ కోసం అంటారు, సిల్వర్ కి పక్క ప్యానెల్ లోకి కలర్ కలపడం మామూలే, కానీ అది డోర్ వైపు చేయించుకోండి, బానెట్ ముట్టుకోనివ్వకండి. లైనర్ తీసి చూశాక లోపల ఎలా ఉందో ఫోటో పెట్టండి, చూసి చెప్తాను.